నాలుగంగుళాల అడ్డు

గవరయ్య మాస్టారిని ప్రశ్న అడగాలంటే శిష్యులందరికీ భయమే. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పరని. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి, ఆ పనిలో వాడికి ఏం జరుగుతుందో దూరంగా కూర్చుని చూస్తుంటారు. ఆటోనగర్‌లో ఆయన షెడ్డులో ఆరేళ్ళు మిషన్ల పని నేర్చినవాళ్ళకు కూడా జవాబులు పెద్దగా రావు గాని, నిలబడే ఓపిక మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది.

అలాంటి మాస్టారిని ఒక సాయంత్రం త్రివిక్రమ్ అడిగాడు: "మాస్టారూ, దీన్లోంచి ఇంకేం తీసెయ్యమంటారు?"

త్రివిక్రమ్ శిష్యులందరిలోకీ తెలివైనవాడు. ఆ సంగతి మిగతావాళ్ళకన్నా ముందు అతనికే తెలిసింది. అతను అడిగింది తన మిషను గురించి. తాగేసిన నీళ్ళ సీసా దాని నోట్లో పెడితే మింగి, పెట్టినవాళ్ళ చేతికి ఒక టీ చీటీ ఇస్తుంది. మొదట్లో బీరువా అంత ఉండేది. రెండేళ్ళపాటు చెక్కి చెక్కి దాని వెడల్పును రెండడుగుల నాలుగంగుళాలకు దించాడు. బస్టాండులో స్తంభానికీ ఎంక్వైరీ కిటికీకీ మధ్య దానికిచ్చిన సందేమో సరిగ్గా రెండడుగులు. మూడడుగులతో లోకాలన్నీ కొలిచినవాడి పేరు పెట్టుకుని, పాపం, రెండడుగుల దగ్గర ఆగిపోయాడు.

నవ్వులాట అలా ఉంచితే, ముంచుకొచ్చింది నిజమైన గండమే. డిపో మేనేజరు ఝాన్సీగారు ఖరాఖండిగా చెప్పేశారు: "రేపు పన్నెండింటికి వచ్చి చూస్తాను. సందులో ఇమిడితే ఉంటుంది. జనం నడిచే దారిలోకి ఒక్క అంగుళం పొడుచుకొచ్చినా, తెచ్చిన ఆటోలోనే వెనక్కి పోతుంది." ఇంకో డిపో ఏదీ దాన్ని అడగలేదు. వెనక్కి వస్తే రెండేళ్ళ పని పాత ఇనుప సామానులో కలిసిపోవడమే.

తీసెయ్యడానికి అందులో మిగిలినవి కూడా మూడే. సీసా గుండ్రంగా ఉందో లేదో చూసే కన్ను ఒకటి. రాయీ రప్పా పెట్టకుండా బరువు చూసే తూనిక ఒకటి. మూడోది, పక్కన వేలాడే పెట్టెలో మోటారుతో సహా కూర్చున్న దవడలు. మింగిన సీసాను అప్పడంలా నొక్కేసేవి అవే. త్రివిక్రమ్‌కు వాటి మీద కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ. అవి లేకపోతే పాతిక సీసాలకే మిషను లోపలి డబ్బా నిండిపోతుందన్నది అతని లెక్క. లెక్కలో తప్పు లేదు. షెడ్డులో మూడు వేల సీసాలతో పరీక్షించాడు మరి. అన్నీ కంపెనీ నుంచి నేరుగా తెప్పించిన కొత్త సీసాలు, పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతూ.

మాస్టారు అంతా విని అన్నారు: "రేపు పొద్దున్నే దాన్ని బస్టాండులో పెట్టి పక్కన నుంచో. నోరు విప్పకు."

మర్నాడు తొమ్మిదికల్లా మిషను స్తంభం ముందు నిలబడింది. సందులోకి వెళ్ళలేదు కాబట్టి దారిలోనే ఉంది. వచ్చేవాళ్ళ సంచులు దానికి తగులుతున్నాయి, వాళ్ళ చూపులు త్రివిక్రమ్‌కు తగులుతున్నాయి. మాస్టారు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. మొదట ఒక కాలేజీ అమ్మాయి నిండు సీసా తాగి, ఖాళీది నోట్లో పెట్టింది. పచ్చలైటు వెలిగింది, దవడలు కరకరమన్నాయి, చీటీ వచ్చింది. త్రివిక్రమ్ మాస్టారి వైపు గర్వంగా చూశాడు. ఆయన బస్సుల బోర్డు చదువుకుంటున్నారు.

తర్వాత ఒక కండక్టరు వచ్చాడు. తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టిన సీసా పెట్టాడు. ఎర్రలైటు. "ఈ సీసా సరిగా లేదు. దయచేసి వెనక్కి తీసుకోండి" అని మిషను మర్యాదగా పలికింది. ఆ గొంతు త్రివిక్రమ్‌దే, రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ వెనక వచ్చినాయన సీసా చెప్పుకాలితో తొక్కినది. ఎర్రలైటు. ఆ తర్వాతది నడుం విరిచినది. ఎర్రలైటు. పదకొండయ్యేసరికి మిషను మింగినవి ఏడు, కక్కినవి నలభైకి పైన. మనుషులు వరస కట్టారు, వరస దారికడ్డం పడింది, దారిలో గొణుగుడు మొదలైంది.

"మూతి చూడు ఎంత సోకుగుందో. ముద్ద పెడితే మింగదు" అన్నాడు కండక్టరు.

ఝాన్సీగారి గది తలుపు దగ్గర ఎవరు కదిలినా త్రివిక్రమ్ అటు తిరిగి చూస్తున్నాడు. అప్పుడు వచ్చిందావిడ. పేరు పైడమ్మ. చోడవరం బస్సు కోసం వచ్చింది. నలిపిన సీసాను నాలుగుసార్లు పెట్టింది, మిషను నాలుగుసార్లూ అంతే మర్యాదగా వద్దంది. ఐదోసారి పెట్టబోతుంటే త్రివిక్రమ్ ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, నలపకూడదు. గుండ్రంగా ఉంటేనే తీసుకుంటుంది."

"నలిపీమని దాని మీదే రాసున్నాది గదా నాయనా. మా మనవరాలు సదివి సెప్పింది" అందావిడ. "నలపకుండా ఒగ్గేస్తే ఎవుడో కుళాయి నీళ్ళు పట్టి, మూత బిగించి మళ్ళీ అమ్మేస్తాడు. ఆ నీళ్ళు తాగే గదా మా మరిది ఆసుపత్రిలో పడ్డాడు."

త్రివిక్రమ్ సీసా మీద చూశాడు. చిన్న అక్షరాలతో నిజంగానే ఉంది, వాడిన తర్వాత నలిపివేయమని. రెండేళ్ళలో మూడు వేల సీసాలు పట్టుకున్నాడు గాని, ఒక్కటీ చదవలేదు.

టైము పదకొండున్నర. ఏం చెయ్యాలో తోచక ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుని, బూర ఊదినట్టు బుగ్గలు పొంగించి ఊదాడు. మొహం కందిపోయింది. సీసా టప్పుమని గుండ్రబడింది. మిషను నోట్లో పెట్టాడు. పచ్చలైటు. లోపల దవడలు కరకరా దాన్ని నలిపేశాయి. చీటీ వచ్చింది.

పైడమ్మ చీటీ వంక చూడలేదు.

"ఓరి నా తండ్రీ, నేను నలిపింది నువ్వు ఊదినావు. నువ్వు ఊదింది అది మళ్ళీ నలిపింది. ఈలోగా నా బస్సెళ్ళిపోనాది!"

వరసంతా ఘొల్లుమంది. త్రివిక్రమ్ నవ్వలేదు. మిషను పక్కన వేలాడుతున్న పెట్టె వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. దాని వెడల్పు ఎంతో అతనికి కొలవకుండానే తెలుసు.

ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలబడి పానా తీశాడు. పెట్టెకు ఎనిమిది బోల్టులు. ఆరు వచ్చాయి. ఏడోది కదల్లేదు. పదేళ్ళయినా ఊడకూడదని తన చేత్తో తానే బిగించుకున్న బోల్టు అది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు. అరచేయి చీరుకుపోయింది. కండక్టరు వంగి, "తప్పుకో గురూ" అని పానా పిడిని బూటుకాలితో ఒక్కటి తన్నాడు. కిర్రుమని తిరిగింది. ఎనిమిదోది ఊడి దవడల పెట్టె త్రివిక్రమ్ ఒళ్ళో పడింది. గుండ్రం చూసే కన్ను తీగ కూడా పీకేశాడు. బరువు చూసే తూనిక ఒక్కటీ మిగిలింది. నలుగురూ ఓ పట్టు పట్టి తోస్తే మిషను సందులోకి వెళ్ళి, అతికించినట్టు కూర్చుంది.

ఝాన్సీగారు వచ్చినప్పుడు గోడ గడియారం పన్నెండు దాటి ఒక నిమిషం. ఆవిడ సందు చూశారు, నేల మీది పెట్టె చూశారు. "ఆ దవడలు లేకపోతే గంటకే డబ్బా నిండిపోతుందని మొన్న నువ్వే గదటయ్యా చెప్పింది?"

కండక్టరు ముందుకొచ్చి తన మెలికల సీసా పెట్టాడు. పచ్చలైటు. అతని వెనక తొక్కిన సీసా, దాని వెనక నడుం విరిచిన సీసా, వరసంతా చకచకా కదిలింది. ఝాన్సీగారు వంగి డబ్బాలోకి చూశారు. నలభై సీసాలు అడుగున అణిగిపడి ఉన్నాయి. పైన బోలెడు చోటుంది.

"ఉండనియ్యి" అని వెళ్ళిపోయారు.

మాస్టారు అప్పటికి బెంచీ దగ్గర లేరు. పైడమ్మ సంచి పట్టుకుని తర్వాతి చోడవరం బస్సు దాకా నడిచారు, ఆవిణ్ణి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి దిగారు. బస్సు కదిలింది. త్రివిక్రమ్ దవడల పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఇది తీసెయ్యాలని మీకు ముందే తెలుసు కదా మాస్టారూ?"

మాస్టారు మలుపు తిరుగుతున్న బస్సు వైపు చూశారు.

"నాకేం తెలుసురా. తెలిసిన మనిషి ఇప్పుడే బస్సెక్కింది."