గంజి పెట్టించుకున్న గింజలు

ఒకప్పుడు సాల్వియా గింజలు ఆవాల్లా నున్నగా ఉండేవి. తడి తగిలితే చాలు, జర్రున జారిపోయేవి. ఒక్కచోట నిలిస్తే ఒట్టు!

ఆ రోజుల్లో ఒక కొండవాలు మీద గవరమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ పెరట్లో ఎర్ర సాల్వియా మొక్క ఒకటుండేది. కంకులు కంకులుగా పూసేది. "దీని ఎరుపు ముందు పండుమిరపకాయ కూడా వెలవెలబోవాలి" అని గవరమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. రానివాళ్ళకి వాళ్ళింటికెళ్ళి మరీ చెప్పేది.

ఒక ఏడు మొక్క బాగా ముసలిదైపోయింది. కాండం చెక్కబారింది.

"వదినా, వచ్చే ఏటికి నేనుండను. నా పిల్లల్ని నువ్వే మొలిపించుకోవాలి" అంది మొక్క గవరమ్మతో.

గవరమ్మ ఆ రోజు నుంచే గింజల కోసం కాపు కాసింది. పువ్వు రాలిపోయాక మిగిలే చిన్న చిన్న దొన్నెల్లోకి రోజూ తొంగిచూసింది. దొన్నెకి నాలుగేసి గింజలు. నల్లబడినవాటిని ఏరి కొబ్బరిచిప్పలో పోసుకుంది.

మడి కట్టి గుప్పెడు చల్లింది. మధ్యాహ్నానికి వాన వచ్చింది. గింజలన్నీ కేరింతలు కొడుతూ వాలు మీద జారి వాగులో పడిపోయాయి.

గవరమ్మ వాన మీదకి చీపురెత్తింది.

"నన్నంటావేం అత్తా? ఊరికే 'రండర్రా' అన్నాను, వచ్చేశారు. గట్టిగా పట్టుకుని ఉండమను" అంది వాన.

"పట్టుకోడానికి మాకు చేతులేవీ?" అన్నాయి చిప్పలోని గింజలు.

సరే అని గవరమ్మ ఇంకో గుప్పెడు తీసి బెత్తెడు లోతున పూడ్చింది. పదిహేను రోజులైనా ఒక్క మొలకా లేదు. తవ్వి చూస్తే ఏముంది? సగం కుళ్ళిపోయాయి. మిగతా సగం హాయిగా నిద్రపోతున్నాయి.

"లేవండే!" అని అరిచింది.

"ఇంకా చీకటిగానే ఉందిగా అమ్మమ్మా! తెల్లారాక లేపు."

ముసలి మొక్క నిట్టూర్చింది. "నెత్తిన అంత మట్టి పోస్తే వాళ్ళకెలా తెల్లారుతుంది వదినా? పైపైన చల్లాలి. వెలుతురు తగలాలి."

పైన చల్లితే వాన లాక్కుపోతుంది. లోపల పెడితే నిద్రపోతాయి. ఆ వారంలోనే ముసలి మొక్క నిలువునా ఎండిపోయింది. చిప్పలో చిటికెడు గింజలు మిగిలాయి, అంతే.

తెల్లవారితే మరిది కూతురి పెళ్ళి. నేతచీరకి పెడదామని గవరమ్మ కుండెడు గంజి చల్లార్చి అరుగు మీద పెట్టుకుంది. ఇంతలో చీమల బారు ఒకటి చిప్ప దగ్గరికి వచ్చింది.

"అత్తా, నీకెలాగూ మొలిపించడం చేతకాదు. మాకిచ్చెయ్. వేయించుకు తింటాం" అంది ముందున్న చీమ.

"నీ నోట్లో మన్నుపడ!" అంటూ గవరమ్మ చిప్ప లాక్కుంది. ఆ విసురుకి కాలు జారింది. చిప్ప చేతిలోంచి ఎగిరి బుడుంగున గంజికుండలో పడింది.

చెయ్యి పెట్టి దేవింది. ఏది గింజో ఏది మెతుకో తెలియలేదు. పైన మబ్బు ఉరిమింది. గవరమ్మకి ఏడుపొచ్చింది. కుండ ఎత్తి గంజంతా మడిలో గుమ్మరించేసింది.

"పోతే పొండి తల్లీ! కనీసం గంజి తాగి పొండి!"

వాన దిగింది. "రండర్రా!" అంది. ఎవరూ కదల్లేదు.

"మిమ్మల్నే! రండర్రా!"

"రాలేం వానమామా! అంటుకుపోయాం!" అన్నాయి గింజలు.

వాన వెలిశాక చీమ వచ్చి మడిలో కాలుపెట్టింది. "అయ్యో నా కాలు! నా రెండో కాలు! నా మూడోది!" ఆరో కాలు దాకా లెక్కపెట్టుకుంది. వెనక నుంచి పది చీమలు పట్టి లాగితే గానీ ఊడిరాలేదు.

మర్నాడు గవరమ్మ గంజిలేని చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళింది. చీర తడిగుడ్డలా వేలాడుతోంది.

"అదేమిటక్కా, గంజి పెట్టలేదా?" అంది తోడికోడలు.

"పిల్లలకి పెట్టేశాను" అంది గవరమ్మ.

ఎనిమిదో రోజున మడి నిండా పచ్చటి మొలకలు! గవరమ్మ ఎండిన కాండం పక్కన చతికిలబడి, "వదినా, వచ్చారే నీ పిల్లలు" అంటూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ ఏడాదికి అవి పూశాయి, కాశాయి. గవరమ్మ కొత్త గింజల్ని అరచేతిలో పోసుకుని నీళ్ళు చిలకరించింది. చూస్తుండగానే ఒక్కో గింజ చుట్టూ గంజి పొర ఉబ్బింది.

"ఇదెక్కడిదే మీకు?"

"అమ్మ తొడిగింది అమ్మమ్మా. ఇది విప్పేస్తే వానమామ ఊరుకుంటాడా?"

కంచె పక్కన వాళ్ళ చుట్టం రుద్రజడ మొక్క నిలబడి ఇదంతా చూస్తోంది. "నా పిల్లలకీ కాస్త పెట్టవూ?" అని అడిగి పుచ్చుకుంది. దాని పిల్లలే మనం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు.

అప్పటినుంచే సాల్వియా గింజ పొడిగా ఉన్నంతసేపూ ఏమీ ఎరగనట్టు నల్లగా, నున్నగా ఉంటుంది. నీటిచుక్క పడిందా, జిగురు చొక్కా తొడుక్కుని మట్టిని కరుచుకుని కూర్చుంటుంది.