చలపతిరావు గారి గుమ్మం

జకరయ్యకు చలపతిరావు గారంటే భయం పట్టుకుంది.

జకరయ్య బైబిలు కళాశాలలో చదువు ముగించి, సంఘకాపరి పరంజ్యోతి అయ్యగారి దగ్గర సహాయకుడిగా చేరిన కుర్రాడు. సంతలో నిలబడి గంటసేపు సువార్త చెప్పగలడు. దేవుడున్నాడనడానికి రుజువులు వరసపెట్టి అప్పజెప్పగలడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఆ రుజువులన్నీ చలపతిరావు గారు ఓపిగ్గా విన్నారు. ఆయన ఒకప్పుడు ఆ ఊళ్ళో అచ్చాఫీసు నడిపిన మనిషి, దేవుణ్ణి నమ్మనివాడు.

"ఇవన్నీ పుస్తకాల్లోవి. నీకు జరిగింది ఏదైనా ఉంటే ఒక్కటి చెప్పు బాబూ" అన్నారు.

జకరయ్య మళ్ళీ మొదటి రుజువే ఎత్తుకున్నాడు. టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు.

అప్పట్నుంచీ ఆ వీధిలోకి పోవడం మానేశాడు. దూరాన ఆయన గొడుగు కనిపిస్తే చాలు, పక్క సందులోకి మళ్ళేవాడు. ప్రార్థనకు మోకరిస్తే చెవిలో ఆ ప్రశ్నే మోగేది.

చివరికి ఒక సాయంత్రం అయ్యగారి ముందు బయటపడ్డాడు. "ఆయనంటే కాదండి అసలు భయం. నా లోపల వెతికితే ఏమీ ఉండదేమోనని."

అయ్యగారు ఓదార్చలేదు. వాక్యం చెప్పలేదు. లేచి చెప్పులు వేసుకున్నారు.

"పద. ఈ వేళప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటాడు."

కాలువ గట్టు పొడుగునా జకరయ్య ఒకటే కోరుకున్నాడు, ఆ ఇంటికి తాళం వేసి ఉండాలని. తలుపు బార్లా తీసే ఉంది.

మెట్ల దగ్గర అయ్యగారు చెయ్యి చాచారు. పెద్దాయన కదా, ఎక్కించమంటున్నారనుకుని జకరయ్య పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. అరచెయ్యి చెమటతో తడిసి వణుకుతోంది.

"ఒంట్లో బాగాలేదా అయ్యగారూ?"

"బాగానే ఉంది. ఎవరి గడప ముందు నిలబడినా ఇంతే. నలభై ఏళ్ళుగా."

ఆ మాటతో జకరయ్యకు ధైర్యం రాలేదు. ఉన్న కాస్తా పోయింది.

చలపతిరావు గారు కుర్చీలు చూపించి, చెరో గ్లాసు మంచినీళ్ళు తానే తెచ్చి ఇచ్చారు. "ఏం బాబూ, దొరికిందా జవాబు?"

జకరయ్య అయ్యగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని నీళ్ళు తాగుతున్నారు.

"నాకు భయంగా ఉందండి" అన్నాడు జకరయ్య.

"దేనికి?"

"చెబితే మీరు నవ్వుతారని." గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు. "మా నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. నేను కట్టెల మోపు వెనక నక్కి, యేసయ్యా ఆపు, ఆపు అని ఏడ్చేవాణ్ణి. దెబ్బలు ఆగలేదండి, నాన్న చచ్చిపోయేదాకా. కానీ ఆ కట్టెల వెనక నేను ఒక్కణ్ణే లేను. అది నాకు తెలుసు. ఎలా తెలుసంటే చెప్పలేను. నా దగ్గర ఉన్నది అంతే."

వీధిలో ఎవరో పాలవాణ్ణి పిలుస్తున్నారు.

"దెబ్బలు ఆగలేదని నువ్వే ఎందుకు చెప్పావు?" అన్నారు చలపతిరావు గారు. "దాచుకుంటే నీకే లాభం కదా."

"ఆగలేదు కదండీ మరి."

ఆయన లేచి గ్లాసులు తీశారు. "నేను నమ్మను బాబూ."

"సరేనండి."

"మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

జకరయ్య ఏదో గొణిగాడు. ఇద్దరూ గుమ్మం దాటారు. గట్టు మీద చీకటి పడుతోంది. చాలా దూరం నడిచాక అడిగాడు.

"అయ్యగారూ, ఈ భయం ఎప్పటికి పోతుందండీ?"

అయ్యగారు నడక ఆపలేదు.

"చలపతిరావు గారి భార్య పోయినరోజు ఒక బోధకుడు ఆ ఇంటికి వచ్చాడు. దేవుడు ఆమెను ఎందుకు తీసుకుపోయాడో శవం ముందే నిలబడి వివరంగా చెప్పి వెళ్ళాడు. అతనికి ఏ భయమూ లేదు నాయనా."