తడి ఆరేదాకా

తొలి విగ్రహం పూర్తిచేసిన మౌనేశును శిల్పశాలలో అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, వాడికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

విగ్రహం వేణుగోపాలస్వామిది. మూడడుగుల నల్లరాయి, ఏడు నెలల పని. చేయించుకుంటున్నది ఎవరో పరాయివాళ్లు కూడా కాదు, వాడి సొంత ఊరు గుండ్లవాగు వాళ్లే. శుక్రవారం పొద్దున ప్రతిష్ఠ. మొదటి హారతి పళ్లెం వాడి తల్లి మద్దమ్మ చేత పట్టిస్తామని ఊరిపెద్ద నారపరెడ్డి మాటిచ్చాడు. ఆమె అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేయించి పిలిచేసింది.

అన్నీ ఇంత చక్కగా ఉంటే దిగులెందుకంటారా, చెప్తాను. శనివారం పొద్దున, చిట్టచివరగా, స్వామి కాలి అందెల దగ్గర సన్నపని చేస్తుంటే ఉలి చప్పుడు తేడాగా వినిపించింది. వంగి చూస్తే ఎడమ చీలమండ మీద వెంట్రుకంత పగులు. రాతిలో మొదటినుంచీ దాగి ఉన్నదే, ఉలి తగిలి పైకి తేలింది. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదని శిల్పశాలలో చేరిన మొదటి రోజే చెప్తారు. అందరూ అన్నాలకు లేచిన సమయం చూసి, మౌనేశు రాతిపొడిని బంకలో కలిపి ఆ పగుల్లోకి కూరాడు. గట్టిపడ్డాక అరగదీశాడు. తల నుంచి పాదాల దాకా నూనె పట్టించాడు. స్వామి నల్లగా నిగనిగలాడుతూ నవ్వుతున్నాడు. పగులు ఎక్కడుందో మౌనేశు తనే వెతుక్కోవలసి వచ్చింది.

సాయంత్రం గురువు కాళహస్తాచారి వచ్చి చూశాడు. డెబ్బై దాటిన మనిషి, మాట పొదుపు. శిష్యులు ఆయన్ను అయ్యవారూ అంటారు. బొటనవేలితో విగ్రహాన్ని పైనుంచి కిందికి తడిమాడు. చీలమండ దగ్గర ఆ వేలు కాసేపు ఆగిందని మౌనేశుకు అనిపించింది. నిజంగా ఆగిందో, వాడి భయమే అట్లా అనిపించిందో. అయ్యవారు తువ్వాలుతో చేతి నూనె తుడుచుకుని, "బుధవారం ఓరుగల్లు పోదాం. అందరం" అన్నాడు. విగ్రహం గురించి మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు.

ఆ శిల్పశాలకు ఒక ఆనవాయితీ ఉంది. తొలి విగ్రహం పూర్తిచేసిన శిష్యుణ్ణి, వాడిది ఏ కులమైనా సరే, గురువు వాడి పేరు చివర ఆచారి చేర్చి పిలుస్తాడు. ఒరే, అరే అనే పిలుపు ఇక ఉండదు. తోటివాళ్లు అప్పుడే మొదలుపెట్టేశారు. "మౌనేశాచారిగారూ, తమరు కాస్త జరిగితే మేం కూడా కూచుంటాం" అని సుంకన్న వేళాకోళం. వాడి నోరు ఊరుకోదు. గురువు నోట మాత్రం ఆ పిలుపు రాలేదు. ప్రయాణమయ్యేటప్పుడు కూడా, "ఒరే మౌనేశూ, ఆ రాగిచెంబు బస్సులో పెట్టు" అన్నాడు. పాత కోట చూడబోతూ చెంబెందుకో ఎవరికీ బోధపడలేదు.

కొత్తగా విగ్రహం పూర్తిచేసినవాడిది బస్సులో ముందు సీటు, గురువు పక్కన. వెనక పదకొండుమంది పాటలు, అరుపులు, మరమరాల పొట్లాలు. మౌనేశు ఒళ్లో చెంబు పెట్టుకుని దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. గురువుతో ఒక్క మాట చెబితే చాలని పదిసార్లు అనుకున్నాడు. తల్లి గుర్తొచ్చి పదిసార్లూ మింగేశాడు.

ఓరుగల్లు కోటలో ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఏడువందల ఏళ్ల కిందట కాకతీయులు ఏలిన రాజధాని. కోట నడిమి గుడి కూలిపోయింది, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి. నడుమ నేలంతా విరిగిన స్తంభాలూ, దూలాలూ, చెక్కిన రాళ్లూ. చూడవచ్చిన జనం తోరణం కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మనవాళ్లు రాతిపనివాళ్లు కదా, మెడలు నొప్పెట్టేదాకా తలలెత్తి, ఆ తామరమొగ్గను ఏ ఉలితో తీశారు, ఆ హంస ముక్కు విరక్కుండా ఎట్లా నిలిచింది అని తగువులాడుకుంటున్నారు.

"ఇవి చెక్కినోళ్ల పేర్లు యాడన్నా ఉన్నాయా అయ్యవారూ?" అని సుంకన్న అడిగాడు.

"నాకైతే కనపడలేదు" అన్నాడు గురువు.

ఆయన జనాన్ని దాటుకుని, తెలిసిన ఇంటికి పోతున్నట్టు నేరుగా ఒక మూలకు నడిచాడు. అక్కడ ఒక పొడుగాటి రాయి సగం నేలలో కూరుకుని, వెల్లకిలా పడి ఉంది. నాట్యం చేసే ఆడమనిషి బొమ్మ. ముఖం పూర్తయింది. పెదవి చివర నవ్వు పూర్తయింది. మెడలో హారాన్ని పూసపూసగా చెక్కారు. నడుము కింద మాత్రం ఉత్త బండ, ఉలి గాట్లు కూడా లేవు.

"ఇంత బాగా చేసి, ఎందుకు వదిలేసినట్టు?" అన్నాడు ఒకడు.

"యుద్ధం వచ్చింటుంది. ఉలి పారేసి పరిగెత్తింటాడు" అన్నాడు సుంకన్న.

"జబ్బు చేసి చచ్చిపోయిండొచ్చు" అన్నాడు ఇంకొకడు.

గురువు బొమ్మ తలదగ్గర నిలబడ్డాడు. "ఒరే మౌనేశూ, చెంబుతో నీళ్లు పట్టుకురా" అన్నాడు.

గేటు దగ్గర కొళాయి ఉంది. మౌనేశు నీళ్లు తెచ్చేసరికి కాపలా మనిషి కూడా వాడి వెనకే వచ్చాడు.

"రాళ్లను ముట్టుకోకూడదు పెద్దాయనా."

"ముట్టుకోనులే నాయనా. నీళ్లు పోస్తా, అంతే. దీనిమీద వాన పడదా?"

కాపలా మనిషి తనూ చూస్తూ నిలబడ్డాడు.

గురువు బొమ్మ నుదుటి మీదినుంచి నడుము దాకా మెల్లగా నీళ్లు పోశాడు. మట్టి కొట్టుకుపోయి రాయి నల్లబడింది. ఖాళీ చెంబు మౌనేశు చేతికిచ్చి, పక్క బండ మీద చతికిలబడి, "ఆరేదాకా చూడండి" అన్నాడు.

మొదట ముక్కు ఆరింది. తరవాత బుగ్గలూ, భుజాలూ. హారం పూసల సందుల్లో తడి కాసేపు నిలిచి అదీ ఇగిరిపోయింది. రాయంతా మళ్లీ బూడిదరంగుకు తిరిగింది, ఒక్క చోట తప్ప. ఎడమ చంక కింది నుంచి నడుము దాకా, దారం పరిచినట్టు, సన్నటి నల్లటి గీత మిగిలింది.

శిష్యులందరూ వంగి చూశారు.

"పగులు" అన్నాడు సుంకన్న. వాడి గొంతులో వేళాకోళం లేదు. "నడుము దాకా వచ్చినాక బయటపడింటుంది. ఎన్ని నెలల పనో పాపం." మళ్లీ వాడే, మనసులో ఏమీ లేకుండా, "నూనె పట్టించింటే ఎవరికీ తెలిసేది కాదు గదా అయ్యవారూ?" అన్నాడు.

"తెలిసేది కాదు" అన్నాడు గురువు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పదండి, టీ తాగుదాం."

ఆయన మౌనేశు వైపు చూడలేదు. చూసి ఒక్క మాట తిట్టి ఉంటే వాడికి కాస్త తేలికయ్యేది.

అందరూ పోయాక మౌనేశు ఆ రాయి పక్కన గొంతుక్కూచున్నాడు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ఈ బొమ్మ చెక్కినవాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది. నా కొడుకు రాజుగారి గుళ్లో పని చేస్తున్నాడని ఆమె కూడా అందరితో చెప్పుకుని ఉంటుంది. ఆ పూట ఇంటికి పోయి తల్లికి ఏమని చెప్పాడో. అడగడానికి రాజూ లేడు, గుడీ లేదు, వాడి పేరూ లేదు. చూస్తుండగానే ఆ గీత కూడా ఆరిపోయింది. రాయి ఏమీ ఎరగనట్టు నవ్వుతూ పడుంది.

తిరుగు ప్రయాణంలో మౌనేశు వెనక సీటుకు పోయి కూచున్నాడు.

"ఏం ఆచారిగారూ, మాలో కలిశారు?" అన్నాడు సుంకన్న.

"అట్లా పిలవొద్దు సుంకన్నా."

వాడి ముఖం చూసి సుంకన్న జరిగి చోటిచ్చాడు. ముందు సీటు దారంతా ఖాళీగానే ఉంది. అందులో ఎవరినీ కూచోమని గురువు చెప్పలేదు.

గురువారం పొద్దు పొడవగానే గుండ్లవాగు నుంచి ట్రాక్టరు వచ్చింది. ట్రాలీకి మామిడాకులూ బంతిపూలూ కట్టారు. ముందు డప్పులు, వెనక పాతికమంది. నారపరెడ్డి తలపాగా చుట్టుకుని దిగాడు. ఆయన వెనక మద్దమ్మ, కొత్త చీరలో, దిగేటప్పుడే కొడుకు కోసం వెతుక్కుంటూ.

మౌనేశు విగ్రహం ముందు కూచుని ఉన్నాడు. పక్కన బకెట్టులో కుంకుడు రసం. తల నుంచి పాదాల దాకా రుద్ది నూనె వదిలించాడు. భక్తితో కడుగుతున్నాడనుకుని ఊరివాళ్లు చేతులు జోడించారు. వాడు చిన్న ఉలి తీసుకుని చీలమండ మీద గీకడం మొదలుపెట్టేసరికి నారపరెడ్డి, "ఇంకా పనుందా?" అని అడిగాడు.

"ఉంది."

బంక పెళ్లలు పెళ్లలుగా ఊడివచ్చింది. మౌనేశు రాగిచెంబు ఎత్తి స్వామి తల మీది నుంచి నీళ్లు పోశాడు. పోసి, లేచి నిలబడ్డాడు. "ఆరేదాకా చూడండి" అన్నాడు.

గురువు అరుగు మీద కూచుని ఉన్నాడు. కదల్లేదు.

పిల్లనగ్రోవి ఆరింది. ముఖం ఆరింది. మోకాళ్లు ఆరాయి. చీలమండ మీద గీత మిగిలింది. డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఆపేశారు.

"ఏంది మౌనేశూ ఇది?"

"పగులు, రెడ్డీ. శనివారమే చూసినా. పూడ్చి, నూనె పూసి దాచినా. ఇది పూజకు పనికిరాదు."

నారపరెడ్డి ముఖం ఎర్రబడింది. "రేపు ప్రతిష్ఠరా. ఇంటింటికీ చుట్టాలు దిగినారు. వాళ్లకేం చెప్పమంటావు?"

"మీరు చెప్పొద్దు. నేనొచ్చి గుడి ముందర నిలబడి చెప్తా. తప్పు నాది."

మద్దమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. కొడుకు ఆమె ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు. ఆమె స్వామిని చాలాసేపు చూసింది. తరవాత కొంగుతో కొడుకు చేతుల తడి తుడుస్తూ, "ఎన్ని రోజులైందిరా నువ్వు తిని?" అంది. మౌనేశు అప్పుడు ఏడ్చాడు.

నారపరెడ్డి గురువు వైపు తిరిగాడు. "ఏడు నెలలు కాచుకున్నాం ఆచారీ. ఇప్పుడు మా ఊరికి ఇంకో విగ్రహం ఎవరు చేస్తారు?"

కాళహస్తాచారి అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు.

"మౌనేశాచారీ, అమ్మ దగ్గర నాలుగు ముద్దలు తినిరా" అన్నాడు. "క్వారీకి పోయి రాయి చూసుకోవాల. ఆ చెంబు తెచ్చుకో."