సన్యాసమ్మ గదికి నీళ్ళు

“ఒక గదిలో నిప్పు పుడితే ఒక హెడ్డు నీళ్ళు చాలవా గురువుగారూ? రెండిటికి లెక్క ఎందుకు కట్టాలి?” అని ఎర్రునాయుడు అడిగాడు మా ఆయన్ని.

మా ఆయన పైడయ్య మేస్త్రి. ఇళ్ళలో నిప్పార్పే పైపులు వేసేవారు. ఆయన పోయి మొన్న అమాసకి మూడు నెల్లయింది. నాకు రాత రాదు గనక ఇలా ఫోన్లో చెప్తున్నాను. ఆయనా పెద్ద చదువరేం కాదు. కానీ డిప్లొమాలు చదివినవాళ్ళు వచ్చి మా అరుగు మీద కూచుని పని నేర్చుకునేవారు. ఎర్రునాయుడు వాళ్ళలో ఒకడు. తెలివైనవాడే. హెడ్డంటే మరేం లేదు, పైకప్పులోంచి బుడిపెలాగ దిగి ఉంటాది, అందులో అగ్గిపుల్లంత గాజు గొట్టం. గది వేడెక్కితే ఆ గాజు పగిలి నీళ్ళు చిమ్ముతాయి.

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే జగ్గారావు గారు మూడంతస్తుల ఇల్లు కట్టారు. ఎర్రునాయుడు సొంతంగా చేసిన మొదటి పని అది. మిట్టమధ్యాన్నం వెళ్ళి, పైఅంతస్తులో ఆఖరి గదిలో ఒక హెడ్డు విప్పి చూసుకున్నాడు. నిమిషానికి రెండున్నర బకెట్లు పడాలి, పడ్డాయి. కాగితం మీద రాసేశాడు. పైకప్పు మూసేశారు, రంగులేసేశారు, ఇంట్లో దిగిపోయారు కూడాను. ఆ ఆఖరి గదికి గాలి బాగా తగులుతుందని జగ్గారావు గారు వాళ్ళ అక్కగారైన సన్యాసమ్మని అందులో ఉంచారు. ఆవిడకి నడుం కింద చచ్చుబడి పదకొండేళ్ళయింది. ఇక మా ఆయన చూసి సరే అనడమే మిగిలింది.

ఆయన కాగితం చదివించుకున్నారు. ఒక హెడ్డు చాలదా అని ఎర్రునాయుడు అడిగింది అప్పుడే. “రేపొద్దున్న ఏడింటికి అక్కడుండు. నేను వస్తున్నానని ఇంట్లో ఎవరూ స్నానాలు ఆపొద్దని చెప్పు,” అన్నారు.

నేనూ వెళ్ళాను. బకెట్లు లెక్కెట్టే పని ఎప్పుడూ నాదే. సన్యాసమ్మని చక్రాల కుర్చీలో కూచోబెట్టి గోడవారకి జరిపారు. ఆ గదిలో ఉన్న రెండు హెడ్లూ విప్పి, అంతే కన్నం ఉన్న పైపు ముక్కలు బిగించి, వాటికి తగిలించిన గొట్టాలు రెండు డ్రమ్ముల్లోకి వదిలారు మా ఆయన. తరవాత ఎర్రునాయుడి వేపు తిరిగి, “ఆ మంచం మీద పడుకో,” అన్నారు.

“పడుకోడమేటి గురువుగారూ?”

“పడుకోమన్నాను. నడుం కింద నీది కాదనుకో.”

“బూట్లిప్పి పడుకో నాయనా, దుప్పటి నిన్ననే మార్చారు,” అంది సన్యాసమ్మ. నేను నవ్వాపుకోలేకపోయాను. వాడు నా వేపు చూసి, “నువ్వు కూడానా పిన్నీ,” అనుకుంటూ బూట్లిప్పి వెల్లకిలా పడుకున్నాడు.

కింద రెండు స్నానాల గదుల్లో షవర్లు తిరుగుతున్నాయి. వంటింట్లో కుళాయి, బట్టలుతికే మిషను. అన్నిటికీ నీళ్ళు ఒక్క తొట్టిలోంచే, ఒక్క మోటారే తోలాలి. మా ఆయన వాల్వు తిప్పారు. ముందు బుస్సుమని గాలొచ్చింది, తరవాత నీళ్ళు జోరుగా చిమ్మాయి, ఆ తరవాత సన్నగిల్లాయి. నిమిషం అవగానే డ్రమ్ములు చూశాను. ఒకదాన్లో బకెట్టుంపావు. రెండోదాన్లో బకెట్టే. గట్టిగా చెప్పాను.

“నేను చూసినప్పుడు బాగానే వచ్చాయి గురువుగారూ,” అన్నాడు వాడు పడుకునే.

“అప్పుడు మిట్టమధ్యాన్నం నీళ్ళకి నీ పని తప్ప వేరే పని లేదు.”

వాడు పైకి చూస్తూనే ఉన్నాడు. కిటికీ కర్టెన్ మీద ఒక హెడ్డు, తన తల మీద ఒకటి. ఆ రెండూ ఎంత దగ్గరో పడుకుంటేనే తెలుస్తాది కాబోలు. “కర్టెన్ అంటుకుంటే రెండిటి గాజులూ పేలతాయి,” అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు.

సన్యాసమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. “నాకు పరిగెట్టడం రాదు నాయనా. పరిగెట్టుకు రావలసింది ఆ నీళ్ళే,” అంది. కోపంగా అనలేదు. కాఫీ చల్లారిపోయిందని చెప్పినట్టు చెప్పింది. వాడు దిగ్గున లేచి కూచున్నాడు.

మా ఆయన ఇంట్లో అంటుండేవారు, నీళ్ళు కూడా మనలాగే అలిసిపోతాయే, మెట్టెక్కినా అలుపే, మలుపు తిరిగినా అలుపే అని. నేను వేళాకోళం అనుకునేదాన్ని. ఆ గదికి పైపు పద్నాలుగు మలుపులు తిరిగి వచ్చింది.

ఇంతలో జగ్గారావు గారు తడితలతో పైకొచ్చారు. “ఏటి, అంతా బాగున్నట్టేనా మేస్త్రీ?” అన్నారు. ఎర్రునాయుడే ముందుకొచ్చి నుంచున్నాడు. “బాగాలేదండి. తప్పు నాది. మెట్ల దగ్గర్నించి లావు పైపు వెయ్యాలి. ఈ పైకప్పు విప్పాలి.”

“రంగేసి వారం కాలేదయ్యా!”

“విప్పాలండి. అయ్యేదాకా అమ్మగారిని కింద గదిలో పడుకోబెట్టండి.”

జగ్గారావు గారు పైకప్పు చూశారు, అక్కగారిని చూశారు, సరేనని తలాడించి కిందకెళ్ళిపోయారు.

ఎర్రునాయుడు బూట్లేసుకుంటూ, “లెక్క మొదట్నించీ మళ్ళీ కట్టుకొస్తాను గురువుగారూ. ఇప్పుడే వెళ్ళి మోటారు కాడ ఒత్తిడి ఎంతుందో కొలుచుకుని...” అంటూ గుమ్మం వేపు నడిచాడు.

మా ఆయన గొట్టం చుట్ట చుడుతున్నారు. దాన్ని కింద పెట్టి, మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించారు.

“మొదలు ఇక్కడరా,” అన్నారు.