కంటికి ఆనని బూరెలు

అరవకండర్రా, నెమ్మదిగా. ఇవాళ నాకూ ఓపిక లేదు, చిన్న కథే చెబుతాను. అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో పూర్ణం బూరె వండితే అరచెయ్యంత వండాలి. చిన్నది వడ్డిస్తే పిసినారి ఇల్లని ఊరంతా నవ్వేది.

ఆ రాజుగారి తల్లి వెంకాయమ్మగారికి కాలేయంలో గడ్డ లేచింది. మందు ఉంది గానీ విషం లాంటి మందు. నోట్లో పడితే నోరు మండె, గొంతు దిగితే గొంతు మండె, కడుపులో పడితే కడుపు మండె. గడ్డ దాకా వెళ్ళేసరికి మందు అయిపోయె, మంట మిగిలె. ఆవిడ నాకొద్దని పళ్ళు బిగించేసింది. మందు పడకపోతే మనిషి దక్కదన్నాడు వైద్యుడు. ఊ కొడుతున్నారా?

కోడలు మంగతాయి వంటింట్లో బూరెల్ని చూసింది. పైన పిండి ఉండబట్టే కదా లోపలి పూర్ణం నూనెలో చెదరట్లేదు. మందుకీ ఓ తొడుగు వేద్దామనుకుంది. అలవాటు కొద్దీ అరచెయ్యంత చేసింది. అత్తగారి గొంతు దిగలేదు. ఆవగింజంత చేసింది. గొంతు దిగింది గానీ నెత్తురు పారే సందులు మరీ ఇరుకాయె, అక్కడ పట్టలేదు. నూరింది, మళ్ళీ నూరింది, పొద్దు పొడిచినా నూరింది, పొద్దు గూకినా నూరింది. పాపం, చేతులు కాయలు కాశాయి. చివరికి కంటికి ఆననంత నలుసులు చేసి, గడ్డ దగ్గరుండే వేడికే కరిగే మైనం తొడిగింది.

పళ్ళెంలో పెట్టి ఇస్తే అత్తగారికి కోపమొచ్చింది. రాజుగారి తల్లికి ఖాళీ పళ్ళెం పెడతావా అని మొహం తిప్పేసుకుంది. మంగతాయికి వాదించే ఓపిక లేదు. అరచెయ్యంత బూరె ఒకటి వండి పళ్ళెంలో పెట్టింది, ఆ నలుసులు నీళ్ళలో కలిపి పక్కన పెట్టింది. పరువు దక్కింది గనక ఆవిడ బూరె కొరికి నీళ్ళు తాగింది. నోరు మండలేదు, గొంతు మండలేదు, కడుపు మండలేదు. నలుసులు సందులన్నీ దాటి గడ్డ దగ్గర విచ్చుకున్నాయి. రోజూ అలాగే తాగగా తాగగా గడ్డ కరిగింది, ఆవిడ లేచి తిరిగింది.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. నగలొద్దు, ఊళ్ళొద్దు, నన్ను కాసేపు పడుకోనివ్వండి అంది మంగతాయి. ఆమె పడుకుంటే గుమ్మంలో కూచుని కాకుల్ని తోలింది ఎవరనుకున్నారు? ఆ అత్తగారే.

మీ అమ్మా అలాంటి నలుసులు చేసే మందుల కంపెనీ నుంచి ఇప్పుడే వచ్చి పడుకుంది. అలిసినవాళ్ళని లేపకూడదు. కథ కంచి దారి పట్టింది, మీరు చప్పుడు చెయ్యకుండా పక్కలెక్కండి. గుమ్మంలో ఈ నానమ్మ కూచుంటుందిలే.