వల ఉయ్యాలలో రాజుగారి దాహం

చిలకలేటి సంస్థానాన్ని ఏలే ముమ్మడి భూపతికి ఆ వేసవిలో అడవిలో విడిది చేయాలని బుద్ధి పుట్టింది. రెండు మద్దిచెట్ల మధ్య వల ఉయ్యాల కట్టించుకుని ఎక్కాడు. ఎక్కినవాడు ఇక దిగలేదు. భోజనం అందులోనే, ఫిర్యాదులు వినడం అందులోనే, వింటూ నిద్రపోవడమూ అందులోనే.

ఇబ్బంది అంతా నీళ్ళ దగ్గర వచ్చింది. ఒకనాటి ఉదయం రాజు పక్కన పీట మీదున్న కూజా కోసం చెయ్యి చాచాడు. ఉయ్యాల తిరగబడింది. రాజు నేల మీద, కూజా రాజు మీద. పరివారమంతా తలలెత్తి చెట్లకొమ్మల్ని శ్రద్ధగా చూడసాగారు. నవ్వు దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

"తప్పు ఎల్లమందది," అన్నాడు మర్యాదల మంత్రి శరభరాజు. "పీట దూరంగా పెట్టాడు."

ఎల్లమంద రాజుగారికి నీళ్ళందించే ముసలి నౌకరు. "రేపటినుంచి వాణ్ణి కొలువులోకి రానివ్వకండి," అన్నాడు రాజు తల తుడుచుకుంటూ.

గురవన్నకు ఒళ్ళు మండింది. రాజుగారికి కబుర్లు చెప్పి నవ్వించడం అతని ఉద్యోగం. పొట్టకూటికి అబద్ధాలు చాలా ఆడాడు గాని, ఇంకొకరి పొట్టకొట్టే అబద్ధం విని ఊరుకోవడం అతనికి చేతకాదు.

"ప్రభూ, పీట కదల్లేదు. కదిలింది తమరు. ఊగేవారికి పీట ఎక్కడ పెట్టినా ఒకసారి దగ్గర, ఒకసారి దూరం."

"అయితే ఆ ఏర్పాటేదో నువ్వే చెయ్యి. నేను దిగను, ఊగడం మానను. పక్కన ఎవడూ నిలబడి నా మొహంలోకి చూడకూడదు, నాకు నిద్ర పట్టదు. దాహమైన వెంటనే నీళ్ళందాలి. పొద్దు వాలేలోగా చేశావా, ఎల్లమంద ఉంటాడు. లేదా, వాడి వెంట నువ్వూ నడు."

శరభరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్క మాట ప్రభూ. చెయ్యి చాచడం అడుక్కునేవాడి పని. ఈ కొలువులో నేను మొదలుకొని గుర్రపు నౌకరు దాకా ఎవరూ చాచరు. చాచినవాడికి ఇక్కడ చోటు లేదని నేనే కట్టడి చేశాను. అలాంటిది తమరు చాచడమా? పొద్దున పడింది అందుకే."

తన బరువు వల్ల పడ్డాననుకోవడం కన్నా ఈ కారణం రాజుకు బాగుంది.

"నిజమే. నా చెయ్యి చాచకుండా నీళ్ళందాలి."

"ముందు నా ఏర్పాటు చిత్తగించండి," అన్నాడు శరభరాజు.

ముందు శంఖం ఊదేవాడు నడిచాడు. వెనక గొడుగు పట్టేవాడు, గొడుగు నీడలో నీళ్ళచెంబు, చెంబు పక్కన వెండి గరిట పట్టుకున్నవాడు. వీళ్ళందర్నీ అదిలిస్తూ ఎండలో శరభరాజు. గరిటవాడు ఉయ్యాలతో పాటు ముందుకీ వెనక్కీ పరుగెత్తుతూ "దయచేయండి ప్రభూ, దయచేయండి" అన్నాడు. మొదటి గరిట రాజుగారి ముక్కులోకి పోయింది. రెండోది చెవిలోకి.

"ఉయ్యాల కాస్త ఆపితే..." అన్నాడు శరభరాజు.

"ఊగని ఉయ్యాల ఎందుకయ్యా? నాకు మంచం లేకనా?"

గుక్కెడు నీళ్ళ కోసం అంతమంది చెమటలు కక్కారు. ఒక్కడి నోరూ తడవలేదు. దర్జా అంటే అదే మరి.

గురవన్న విడిదికి కట్టెలు తెచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళే ఎండిన సొరబుర్ర ఒకటి అడిగి తెచ్చాడు. ఎల్లమంద దాన్ని కడిగి నీళ్ళు నింపాడు.

"నీకెందుకయ్యా ఈ గొడవ? నాతోపాటు నువ్వూ పోతావు."

"పోతే ఇద్దరం పోదాం మామా. నువ్వుంటే దారిలో నీళ్ళకు కొదవుండదు."

గురవన్న బుర్రకు బిరడా బిగించి, పొట్టి తాడుతో దాన్ని ఉయ్యాల వలకే లోపలివైపు కట్టాడు. పడుకున్న మనిషి గుండెల దగ్గరికి వచ్చేలా కట్టాడు.

శరభరాజు పెదవి విరిచాడు. "దీన్ని అందుకోవాలన్నా చెయ్యి చాచాల్సిందేగా."

"అది తమరే తేల్చాలి. ప్రభువుల నోట పడేది ఏదైనా ముందు మంత్రిగారు రుచి చూడాలి కదండీ."

"ఇలా తే, చూస్తాను."

"పడుకుని తాగే నీళ్ళు పడుకునే రుచి చూడాలండి."

రాజుకు సరదా పుట్టింది. ఇద్దరు పట్టుకుంటే కిందికి దిగాడు. శరభరాజు అవస్థపడి ఎక్కాడు. తలపాగా ఊడి నేలమీద పడింది. గురవన్న ఉయ్యాలను గట్టిగా ఒక ఊపు ఊపాడు.

పొద్దుటినుంచి ఎండలో అరిచి అరిచి మంత్రిగారి గొంతు పిడచగట్టుకుపోయి ఉంది. ఆయనతో పాటే, ఆయన గుండెల మీదే బుర్ర ఊగుతోంది. పట్టుకుని, బిరడా లాగి, గటగటా సగం తాగేశాడు. చుక్క కింద పడలేదు.

గురవన్న చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు:

"మంత్రిగారూ, చెయ్యి చాచారా?"

శరభరాజు లెక్క వేసుకున్నాడు. చాచానంటే ఉద్యోగం ఊడుతుంది. కట్టడి తనదే. చాచలేదంటే గురవన్న గెలుస్తాడు. ఉయ్యాల అటు వెళ్ళింది, ఇటు వచ్చింది.

"లేదు," అన్నాడు చివరకు. "మోచెయ్యి మడిచాను. అంతే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎల్లమంద కొలువు నిలిచింది. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి గురవన్నకు కప్పాడు.

"ఇక దిగవయ్యా శరభరాజూ," అన్నాడు.

శరభరాజు కాలు కదిపాడు. ఉయ్యాల ఒరిగింది. గభాలున కదలకుండా పడుకున్నాడు. ఎవరైనా చెయ్యి పట్టి లేపితే తప్ప దిగలేడు. పట్టుకోవాలంటే ఆయన చెయ్యి చాచాలి. ఎల్లమందకే జాలేసి ముందుకొచ్చాడు.

"బాబుగారూ, చెయ్యి ఇలా ఇవ్వండి."

శరభరాజు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

గురవన్న ఉయ్యాలను మెల్లగా ఇంకొక ఊపు ఊపాడు.

"తొందరేం లేదండీ. నీళ్ళు అందుబాటులోనే ఉన్నాయి."

రాజు ఇక నవ్వలేక పీట మీద కూలబడ్డాడు.