ఊటతల్లి బిడ్డలు

అనగనగా ఒక రాజు. పేరు జయకేతుడు. కిరీటం పెట్టుకుని మూడు రోజులే అయింది. ఆయన ఏలే మేఘవరంలో మూడేళ్లుగా చినుకు లేదు. గాదెలు తెరిపించి చూస్తే మూడు నెలలకు సరిపడా గింజలే ఉన్నాయి.

రాజుకు ఇద్దరు తమ్ముళ్లు. పెద్దతమ్ముడు సేనాపతి. చిన్నవాడు కేదారుడు. రాజకుమారుడైనా ఊరూరా తిరిగి, తానే గరిటె పట్టుకుని జనానికి అంబలి పోసేవాడు.

ఒక పొద్దున ఆ జనంలోకి తడిబట్టలతో ఒక అమ్మాయి వచ్చింది. పేరు తరళ. పెద్ద సముద్రపు తాబేలు వీపు మీద ఏడు సముద్రాలు దాటి వచ్చింది.

"మా దీవిని ధూమకేశి అనే మాంత్రికుడు ఆక్రమించాడయ్యా. మేం ఊటతల్లిని కొలుస్తాం. ఇకనుంచి తననే కొలవాలన్నాడు. ఒప్పుకోని వంద కుటుంబాలను గుహలో పెట్టి బండ అడ్డం వేశాడు. మా అమ్మానాన్నలూ అందులోనే ఉన్నారు. దీవంతా వాడి పొగకు మాడిపోయింది, వాళ్లను విడిపించి ఇక్కడ చోటివ్వండయ్యా" అంది.

కేదారుడు ఆమెను సభకు తీసుకెళ్లాడు. ముసలి మంత్రి తల అడ్డంగా ఊపాడు. "ప్రభూ, మనవాళ్లకే తిండి చాలదు. ఇంకో వంద కుటుంబాలా?"

"నాకు ఒక పూట తగ్గించండి అన్నయ్యా. నేను వెళ్లొస్తాను" అన్నాడు కేదారుడు.

రాజు "నాకూ ఒక పూట తగ్గించండి" అని తన కత్తి తమ్ముడి చేతికిచ్చాడు.

కేదారుడూ తరళా తాబేలు ఎక్కారు. పాలరంగు సముద్రం దాటారు, పసుపు సముద్రం దాటారు, సుడిగుండాల సముద్రం దాటారు. అలా ఏడూ దాటేసరికి దీవి కనిపించింది. అప్పుడు తాబేలు చెప్పింది: "నాయనా, కత్తితో వాడు చావడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది వాడి పేరు కాక ఇంకో పేరు పిలిచిందా, వాడి పని అంతే. దాన్ని ఎక్కడ దాచాడో ఎవరికీ తెలీదు."

ధూమకేశి పొగలాంటి జుట్టు విరబోసుకుని ఎదురొచ్చాడు. "మూడు పనులు చెయ్యి, వాళ్లను వదిలేస్తాను" అన్నాడు.

మొదటిది, సముద్రం అడుగున పడిన ఉంగరం తేవాలి. తాబేలు మునిగి తెచ్చింది. రెండోది, కొండంత నువ్వుల్లో కలిసిన ఆవాలు ఏరాలి. గుహలోవాళ్లు తమ ముద్దలో ఇంత పెట్టి సాకిన ఎలుకలు బిలబిలా వచ్చి, మధ్యాహ్నానికల్లా ఏరేశాయి. మాంత్రికుడు పళ్లు కొరికాడు.

"మూడోది, నువ్వే దేవుడివని నన్ను ముమ్మారు పొగుడు."

కేదారుడు వినయంగా, "తప్పు పలికితే మీకు చిన్నతనం. ఎవరైనా సరిగ్గా పలికి వినిపిస్తే నేర్చుకుంటాను" అన్నాడు.

మాంత్రికుడు పొంగిపోయాడు. "నా చిలకలా ఎవరూ పలకలేరు" అంటూ, మంత్రం వేసి బంగారు పంజరం రప్పించాడు. చిలక గొణిగింది.

"సరిగా వినబడలేదు" అంటూ కేదారుడు పంజరం దగ్గరికి తీసుకుని, చటుక్కున తలుపు తీసేశాడు. "చిలకమ్మా, ఇప్పుడు నీకు నచ్చిన పేరు పిలుచుకో."

చిలక రెక్కలు విప్పి ఎగిరింది. ఎన్నాళ్లనుంచో గొంతులో దాచుకున్న మాట బయటికొచ్చింది. "ఊటతల్లీ" అంది. ఆ ఒక్క పిలుపుతో ధూమకేశి పొగై గాలిలో కలిసిపోయాడు. గుహకు అడ్డం ఉన్న బండ పగిలింది. తరళ పరుగెత్తి వాళ్లమ్మను వాటేసుకుంది.

గుహలో ఉన్నవాళ్లంతా మాడిపోయిన దీవి విడిచి, ఓడల్లో మేఘవరం చేరారు. రాజు రేవుకు ఎదురొచ్చి, తన చేత్తో అందరికీ అంబలి పోశాడు. తిన్నాక తరళ తండ్రి నేలకు చెవి ఆనించి విన్నాడు. "ఇక్కడ తవ్వండి" అన్నాడు. అందరూ కలిసి మూడు రోజులు తవ్వారు. మూడో రోజు నీళ్లు బుసబుసా పొంగాయి. ముసలి మంత్రి పంచె తడుస్తున్నా కదలక, దోసిలి పట్టి తాగి, తరళ తండ్రికి దణ్ణం పెట్టాడు.

ఊరూరా బావులు వెలిశాయి, చేలు పచ్చబడ్డాయి. వరి కోతలయ్యాక కేదారుడికీ తరళకీ పెళ్లి చేశారు. దీవివాళ్లు తమ ఊటతల్లిని, మేఘవరంవాళ్లు తమ దేవుణ్ణి తలుచుకుని అక్షింతలు వేశారు. జయకేతుడు అరవై ఏళ్లు ఏలాడు. ఆ అరవై ఏళ్లలో ఒక్క పూటైనా మేఘవరంలో ఎవరూ పస్తు పడుకోలేదు.